మంత్రిని వదిలేసిన ఎత్తు

"బావా, నిన్ను దొంగని తేల్చారటగా!"

లిఫ్టు మెకానిక్కు నవ్వుతూ కళ్ళద్దాల షాపులోకి వచ్చాడు. కౌంటరు వెనక బావ ముఖం చూశాక ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

షాపాయన ఫోను అతని ముందుకు జరిపాడు. చదరంగం సైటువాళ్ళు ఆయన ఖాతా మూసేశారు. కంప్యూటరు సాయంతో ఆడుతున్నాడని అనుమానమట.

"నేనాడే సైటుకి రమ్మని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా. ప్రకటనల గోల ఉండదు. ఆడిన ఆటలు ఎన్నైనా కంప్యూటరుతో ఊరికే పరీక్షించుకోవచ్చు. మీదాంట్లో జనం ఎక్కువ, హంగులు ఎక్కువ, అంతే."

"మీ అక్క ఆటలన్నీ ఇందులోనే ఉన్నాయిరా. ఖాతా తెరవకపోతే ఇక కనబడవు."

మెకానిక్కు ఫోను తీసుకుని సైటువాళ్ళు రాసింది మళ్ళీ చదివాడు.

అక్క నర్సు. జబ్బుచేసి, తను పనిచేసిన వార్డులోనే మంచమెక్కినప్పుడు, 'సూదిమందు' అని పేరు పెట్టుకుని ఫోన్లో భర్తతో ఆడేది. ఆయన షాపులో చదరంగం చెక్కబల్ల పెట్టుకుని ఆమె ఎత్తులన్నీ దానిమీద వేసేవాడు. అలా చేస్తే ఆమె ఎదురుగా కూర్చున్నట్టుండేది. ఆమె పోయినా అలవాటు పోలేదు. ఎవరితో ఆడినా ముందు చెక్కబల్ల మీద పావు జరపాలి, తేరిపార చూసుకోవాలి, అప్పుడే ఫోను ముట్టుకోవాలి. అందుకే సులువైన ఎత్తుకీ కష్టమైన ఎత్తుకీ ఒకటే సమయం పట్టేది. కంప్యూటర్ని అడిగి ఆడేవాళ్ళ తీరూ అంతేనట. దానికి తోడు, మొన్నటి ఆటలో మంత్రిని అప్పనంగా వదిలేసి మరీ గెలిచాడు.

"ఉన్నదున్నట్టు రాసెయ్ బావా. చదివే మనిషి ఒక్కడైనా ఉండకపోడు."

రాశాడు. జవాబు వచ్చేదాకా పని మీద ధ్యాస నిలవలేదు. ఒకావిడ ఫ్రేములో ఇంకొకావిడ అద్దాలు బిగించి చివాట్లు తిన్నాడు.

జవాబు వచ్చిన రోజు మెకానిక్కే బయటికి చదివాడు.

"'మీ పాత ఆటలు చూశాం. సూదిమందు గారు ఒకసారి మీమీద ఇలాగే మంత్రిని వదిలేశారు. ఆరోజు మీరు చిత్తుగా ఓడిపోయారు. మీరు ఎక్కడ నేర్చుకున్నారో అర్థమైంది. ఖాతా తెరిచాం, మన్నించండి.'"

ముక్కూమొహం తెలియని మనిషెవరో ఆమె ఆటను ఓపిగ్గా చూశారన్నమాట. షాపాయన చేతిలోని తుడుపుగుడ్డ అలాగే ఉండిపోయింది.

మెకానిక్కు ఆ పాత ఆటను తన సైటులోని కంప్యూటరుకి చూపించాడు. అక్క ఎత్తు ఘోరమైన తప్పని అది చెప్పింది.

"చూశావా, అక్క ఏదో గుడ్డిగా..."

మాట పూర్తికాలేదు. కాసేపు ఆలోచించుకున్నాక కంప్యూటరు మనసు మార్చుకుంది. ఎవరిది పైచెయ్యో చూపే పట్టీలో అడుగున పడి ఉన్న అక్క తెల్లగీత మెల్లగా లేచింది, ఇంకా లేచింది, పై అంచును తాకింది. అంతకు మించిన ఎత్తు లేదంది.

మెకానిక్కు గొంతు తగ్గిపోయింది. "దీనికే ఇంతసేపు పట్టింది. చేతికి సెలైను పెట్టుకుని అక్క ఎలా చూసింది బావా?"

"ఏమోరా. చెయ్యి జారిందేమో, వెనక్కి తీసుకో అన్నాను. 'ముందు కొట్టండి చూద్దాం' అంది."

మెకానిక్కు ఫోను పక్కన పెట్టి చెక్కబల్ల మీద పావులు సర్దాడు. "ఆ ఆట మొదట్నుంచీ వెయ్యి. అక్క వైపు నేను కూర్చుంటా."

"అటు వద్దు. ఇటు నా పక్కకి రా," అన్నాడు షాపాయన, స్టూలు లాగుతూ. "ఇద్దరం కలిసి ఓడిపోదాం."