ఆయమ్మ ఉయ్యాల

చీరని వరండా దూలం మీదుగా వేసి, రెండు కొసలూ కలిపి ముడి బిగించి, తన బరువంతా మోపి ఒకసారి వేలాడి చూసింది రత్నమాణిక్యం. దూలం కిర్రుమంది గానీ ముడి జారలేదు. ఖాళీ ఉయ్యాల ఊగితే బిడ్డకి కడుపునొప్పి వస్తుందని ఆమె నమ్మకం. అందుకే చంటివాళ్లు వచ్చేదాకా ఒక్కో ఉయ్యాలలో ఒక్కో పలక పడేసి ఉంచుతుంది.

రాజమండ్రిలో గోదావరి గట్టుకి దిగువనున్న ఆ మునిసిపల్ బడిలో ఆమె ఆయా. ఊడవడం, నీళ్లు పట్టడం, గంట కొట్టడం ఆమె పని. ఉయ్యాలలు కట్టమని మాత్రం ఆమెకెవరూ చెప్పలేదు. పిల్లలెవరూ బడి బయట ఉండకూడదని ఆ మధ్య పైనుంచి ఆర్డర్లొచ్చాయి. మాస్టర్లు రైలు పట్టాల పక్కనున్న గుడిసెలన్నీ తిరిగి, చదువు గొప్పతనం గురించి చెప్పి, చెమట తుడుచుకుంటూ వచ్చేశారు. ఆ గుడిసెల్లో తల్లులు పొద్దున్నే కూలికీ పాచిపనికీ పోతారు. చంటివాళ్లు అక్కల చంకల్లో మిగిలిపోతారు. చంకలో బిడ్డున్న పిల్ల బడికెలా వస్తుందని ఒక్క మాస్టరూ అడగలేదు. రత్నమాణిక్యం వాళ్ల వెనకాలే వెళ్లి, "చంటాడితో సహా పంపండమ్మా, వాణ్ణి నేను చూసుకుంటాను" అని చెప్పొచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండా వరండాలో మూడు ఉయ్యాలలు వెలిశాయి.

ఆమె కుడి తుంటి కాస్త ఎత్తు. నడుస్తుంటే మనిషి ఒకవైపుకి ఒరిగిపోతున్నట్టుంటుంది. చిన్నప్పుడు తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ ఒకళ్ల తరవాత ఒకళ్లని ఆ పక్కనే మోసింది. వాళ్లందరూ చదువుకున్నారు. పెద్ద తమ్ముడు చంద్రరావు నిడదవోలులో గుమాస్తా. అతను అక్కా అని పిలిచి చాలా కాలమైంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి కోపం రాదు, ఏడుపూ రాదు. ఎవరో వేరే ఊరివాళ్ల కబురు విన్నట్టుంటుంది. పెళ్లయింది, మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఎవరైనా అడిగితే ఈ మూడు ముక్కలూ ఒక్క గుక్కలో చెప్పేసి చీపురు అందుకుంటుంది.

ఆ ఉదయం మూడో తరగతి సాయిదుర్గ తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చింది. వెనకే తల్లి నాగదుర్గ.

"పిన్నీ, నువ్వున్నావనే దీన్ని పంపుతున్నాను. నువ్వు రాని రోజున ఇది ఇంట్లోనే."

"నేనెక్కడికి పోతానే? నువ్వు పనికెళ్లు, ఆలస్యమైపోద్ది."

పొద్దుటినుంచీ ఎడమ చెయ్యి లాగుతూనే ఉంది. నీళ్ల బిందె మొయ్యడం వల్లనుకుంది. సాయంత్రం కాస్త ఆముదం రాస్తే పోతుందనుకుంది.

పిల్లల్ని ఇంకా ఉయ్యాలల్లో వేస్తుండగానే హెడ్మాస్టర్ కామేశం గారు వచ్చి నిలబడ్డారు. మంచివారే, కానీ ఆఫీసరు పేరు చెబితే ఆయనకి కాళ్లూ చేతులూ ఆడవు.

"రత్నమాణిక్యం గారూ, ఇవ్వాళ ఇన్‌స్పెక్షనుందండి. బడి బడిలా కనబడాలి కదా. ఇవి తీసెయ్యండి."

"మరి పిల్లల్నేం చెయ్యమంటారండీ?"

"ఈ పూటకి ఇళ్లకి పంపేద్దాం, అక్కలతో సహా."

"ఇవ్వాళ పంపేస్తే రేపు రారండి."

కామేశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"వెనకాల కట్టెల షెడ్లో కట్టుకుంటానండి. ఏడుపు వినబడనివ్వను" అంది రత్నమాణిక్యం.

కట్టెల షెడ్డు వేడిగా ఉంది. ఉయ్యాలలు మళ్లీ కట్టేసరికి ఆమెకి ఊపిరి అందలేదు. మూడింటికీ తాళ్లు కట్టి, కొసలన్నీ కలిపి కాలి బొటనవేలికి ముడేసుకుని, గోడకి చేరబడి కాళ్లు చాపుకుంది. పాదం కదిలిస్తే మూడూ కలిసి ఊగుతాయి. అవతలి గదిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. అందరిలోకీ సాయిదుర్గ గొంతే పైకి వినబడుతోంది, కాస్త బొంగురుగా, అందరికంటే ఒక్క ముక్క వెనకగా. రత్నమాణిక్యానికి ఎక్కాలు రావు. అయినా ఆ గొంతు వింటుంటే హాయిగా ఉంది. ఆ హాయికి ఆమె కొంచెం ఆశ్చర్యపోయింది కూడా. మెడ మీద చెమట పట్టింది. కళ్లు మూసుకుంది. పాదం ఇంకాసేపు కదిలింది.

ఆఫీసరు గారు వచ్చారు, టీ తాగారు, ఆడపిల్లలు బాగానే వస్తున్నారే అని మెచ్చుకుని వెళ్లిపోయారు. జీపు మలుపు తిరగగానే కామేశం గారు గబగబా షెడ్డు దగ్గరికి వచ్చారు. మనిషిలో ఎప్పుడూ లేని హుషారు.

"రత్నమాణిక్యం గారూ, గండం గడిచిందండీ! రేపట్నుంచి మళ్లీ వరండాలోనే కట్టుకోండి. ఎవరేమన్నా నేను చూసుకుంటాను."

ఆమె పలకలేదు. ఉయ్యాలలు కదలడం లేదు. పిల్లలు ముగ్గురూ నిద్రపోతున్నారు. ఆయన ఇంకోసారి పిలిచారు. తరవాత వంగి, ఆమె కాలి వేలి ముడిని పిల్లలు లేవకుండా మెల్లగా విప్పారు.

బడిలో ఎవరూ పెద్దగా ఏడవలేదు. ఎలా ఏడవాలో తెలియనట్టు నిలబడ్డారు. అక్క పోయిందని చంద్రరావుకి ఫోను చేస్తే సాయంత్రం బండికి వస్తానన్నాడు. ఆమెని రిక్షాలో ఆమె గదికి తీసుకెళ్లారు. కబురందిన తల్లులు ఒక్కొక్కరే వచ్చి చంటివాళ్లని ఎత్తుకుపోయారు. నాగదుర్గ చేతులకి ఇంకా అంట్ల బూడిద ఉంది. షెడ్డు గుమ్మంలోనే నిలబడింది.

"రేపట్నుంచి తమ్ముణ్ణి నువ్వే చూసుకోవాలే" అంది నేలకేసి చూస్తూ.

"సరే" అంది సాయిదుర్గ.

తమ్ముణ్ణి తీసి, తుంటి ఒకవైపు ఎగదోసి చంకనేసుకుంది. తల్లి వెనకాల నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. షెడ్లో ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది. మళ్లీ వెనక్కి వెళ్లి, సంచీలోంచి పలక తీసి అందులో పెట్టింది.

ఏడో ఎక్కం సగం దాకా రాసి ఉన్న ఆ పలక బరువుకి ఉయ్యాల నెమ్మదిగా ఆగిపోయింది.