జల్లాఖ్‌లో వెలగని హీటరు

పరమేశ్ మళ్లీ స్విచ్ వేశాడు. లోపల ఫ్యాను తిరిగింది. నిప్పు మాత్రం అంటుకోలేదు.

జనవరి చలిగాలి సముద్రం మీంచి గల్ఫ్ తీరపు ఊరు జల్లాఖ్‌లోని విల్లాలోకి దూరుతోంది. ఇంటి యజమాని పసిబిడ్డను దుప్పట్లో చుట్టుకుని హాల్లో పచార్లు చేస్తున్నాడు. ఇల్లంతటికీ వేడిగాలి పంపే గ్యాస్ హీటరు అది. ఏడాదికి రెండు నెలలే దానికి పని. సరిగ్గా ఇప్పుడే మొరాయించింది.

ఫోన్ మోగింది. రాంప్రసాద్. తను పనిచేసే మెయింటెనెన్స్ కంపెనీలో సూపర్‌వైజరు, పరమేశ్‌లాగే జగిత్యాల మనిషి. వచ్చే నెల పరమేశ్ వీసా రెన్యువల్‌కు పూచీ పడే అరబ్బు యజమాని కఫీల్ దగ్గర మాట చెప్పాల్సింది అతనే.

"అయిందారా?"

"ఫ్యాను తిరుగుతున్నదన్నా. ప్రెషర్ స్విచ్ కలుస్తలేదు. అది కలిస్తెనే నిప్పు వస్తది."

"స్విచ్ పోయుంటది. దాన్ని తప్పించి రెండు వైర్లు కలిపి జంపర్ కొట్టు. యల్లా, జల్ది."

"స్విచ్ మంచిగనే ఉన్నది, ఊది చూసిన. పొగ బయటికి పోతలేదని అదే ఆపుతున్నది."

"నీకు జీతమిచ్చేది హీటర్ వెలిగిస్తందుకు, దానితోటి ముచ్చట పెట్టనీకి కాదు. పక్క విల్లాల గిదే కంప్లైంటు. పొద్దున నేనే వోయి చాయ్ తాగినంతల వెలిగించిన. జంపర్ కొట్టు."

"కొట్టనన్నా."



"రెన్యువల్ యాదున్నదా?"

"ఉన్నది. ఇంట్ల పసిపిల్ల ఉన్నదన్నది గూడ యాదున్నది."

పరమేశ్ ఫోన్ పెట్టేశాడు. ఆ పొగకు వాసన ఉండదు. గదిలో చేరితే ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత నిద్ర వస్తుంది. ఆ నిద్ర నుంచి అందరూ లేవరు.

వంటింట్లో దానమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. భీమవరం వైపు మనిషి. ఈ ఇంట్లో వంటా, పనీ ఆమెవే.

"అక్కా, దీని పొగగొట్టం ఎటు పోయింది?"

"మేడ మీదకి. ఏం తమ్ముడూ, మీ ఆఫీసాయన తిట్టేడా?"

"తిట్టిండు."

"తిట్టనీ. మా మేడం రోజూ తిడతది, నేనేమన్నా తరిగిపోయేనా?"

మేడ మీద నీళ్ల ట్యాంకు వెనకాల దొరికింది గొట్టం. దాని మూతికి మందపాటి ప్లాస్టిక్ కవరు, పైన చుట్లు చుట్లుగా టేపు. వెనకే ఎక్కి వచ్చిన దానమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అది నేను కట్టిందే, తమ్ముడూ."

దుమ్ముగాలులు మొదలయ్యే ముందు ఈ విల్లాల్లో బయటికి తెరుచుకున్న ప్రతి కంతనూ పనివాళ్ల చేత మూయిస్తారు. చలికాలం రాగానే దానమ్మ అన్నీ విప్పింది. ట్యాంకు చాటున ఉన్న ఈ ఒక్కదాన్నీ మరిచిపోయింది.

పరమేశ్ కత్తితో టేపు కోసి కవరు పీకేశాడు.

"ఖలాస్. ఇగ వెలుగుతది."

దానమ్మ కదల్లేదు. "పక్కింటిది కూడా నేనే కట్టేను. అక్కడ పనిచేసే సాయికుమారికి మేడెక్కితే కళ్లు తిరుగుతాయి."

పరమేశ్ పిట్టగోడ మీంచి వంగి చూశాడు. పక్క మేడ మీద గొట్టానికి అదే కవరు. కింద ఆ ఇంట్లో హీటరు పొద్దుటి నుంచి మండుతోంది, రాంప్రసాద్ కొట్టిన జంపర్ మీద.

దానమ్మ అప్పటికే సాయికుమారికి ఫోన్ కలిపింది. విని, పాలిపోయిన మొహంతో తలెత్తింది. "దానికి తల పగిలిపోతందంట. ఆ ఇంటి పెద్దావిడ మద్దేనం పడుకుని ఇంకా లేవలేదంట."

"తలుపులు తెరిచి బయటికి రమ్మను."

పరమేశ్ మెట్లు దిగుతూ రాంప్రసాద్‌కు ఫోన్ చేశాడు. "పక్కింటికి పోతున్న. నీ జంపర్ పీకుత."

"అది నీ కంప్లైంటు కాదు. ఆ ఇంట్ల కాలు పెడితె నీ డ్యూటీ ఖలాస్."

"చేసుకో."

పరుగెత్తాడు. గేటు తోసి, ముందు సిలిండర్ల వాల్వ్ కట్టేశాడు. తూలుతూ వచ్చిన సాయికుమారిని వాకిట్లో కూర్చోబెట్టి, కిటికీలు బార్లా తెరిచాడు. వెనకే వచ్చిన దానమ్మతో కలిసి పెద్దావిడను మంచం మీంచి పరుపుతో సహా బయటికి మోసుకొచ్చాడు. చలిగాలి మొహానికి తగిలాక ఆవిడ దగ్గింది. కళ్లు తెరిచింది.

దానమ్మ ఫోన్ చేసి పిలిచిన అంబులెన్స్, పెద్దావిడ కొడుకు, రాంప్రసాద్ వెనకా ముందుగా వచ్చారు. ఏమైందని కొడుకు హిందీలో అడిగాడు.

"సిలిండర్ లీకు, సాబ్," అన్నాడు రాంప్రసాద్.

"లీకు కాదు సాబ్," అన్నాడు పరమేశ్, అదే హిందీలో. "పొగ బయటికి పోకపోతే హీటరును ఆపే స్విచ్ ఒకటి ఉంది. పొద్దున ఇతను దాన్ని పని చేయనివ్వలేదు. వైరు ఇంకా అక్కడే ఉంది, చూపిస్తా రండి."

"గొట్టం మూసింది నేను," అంది దానమ్మ. "మూయించింది ఈ ఇంటోళ్లు. అది కూడా చెప్పు తమ్ముడూ."

పరమేశ్ అదీ చెప్పాడు. కొడుకు లోపలికెళ్లి వైరు చూసి వచ్చాడు. రాంప్రసాద్‌కేసి ఒక్క చూపు చూసి, అంబులెన్స్ ఎక్కాడు.

అది మలుపు తిరిగేదాకా ఆగి రాంప్రసాద్ దగ్గరికొచ్చాడు. "రేపటి సంది డ్యూటీకి రాకు. ఎవల తోటి చెప్పుకుంటవో చెప్పుకో."

"రాను," అన్నాడు పరమేశ్. "ఈ చలికాలం నువ్వు వెలిగించిన ఇండ్లు ఇంకెన్నున్నయో అన్నీ తిరుగుత. డ్యూటీ లేకుంటె టైం మస్తు దొరుకుతది."

టూల్ బ్యాగు భుజాన వేసుకుని ఆ వరసలో తర్వాతి విల్లా గేటు వైపు నడిచాడు.