తగరపు మీగడ

శరత్ప్రభాత భానుకిరణములు నిర్మల నీలాకాశమున నిరర్గళముగ వ్యాపించి విశాఖసాగర తరంగశిఖరములను దళదళ మెఱయించుచుండ తీరశైల సానువునందలి పరిశోధనాలయ గవాక్షములనుండి చామంతుల పరిమళమును సాంబ్రాణి ధూమమును కలసిమెలసి వెలికి వచ్చుచుండెను. ముందటి దినమున నాయుధపూజ జరిగినందున నచ్చటి యంత్రములన్నియు కుంకుమబొట్లతో పేరంటాండ్రవలె కళకళలాడుచుండెను.

ఆ కళ కాదంబిని మొగమున మాత్రము లేకుండెను. కరగిన తగరముపై గంధకపు టావిరి సోకినపుడు పుట్టు పొరను కాచిన పాలపై మీగడవలె మెలమెల్లన నెత్తి తలవెండ్రుకలో వేయవ వంతు మందమైనను లేని ఱేకుగ సిద్ధపఱచిన విదుషి యామె. జీవకణముల యంతరంగమును చూపగల మృదు ఎక్స్ కిరణములు మిక్కిలి సుకుమారములు. గాలిలో నాలుగడుగులు వేయకమునుపే సొమ్మసిల్లునవి. వానిని పట్టుటకు మందపు బిళ్ళలకంటె నిట్టి ఱేకే మేలని యామె పట్టిన పట్టు విడువక యేండ్లతరబడి శ్రమించెను. నేడు ఱేకు కిరణములకు పలుకదేని రేపటినుండి కిరణములను పుట్టించు యంత్రము పరుల పరిశోధనకు పోవును. ఆమె శ్రమ బూడిదలో పోసిన పన్నీరగును.

ఱేకున్న పేటికలోని గాలి తోడివేసి కిరణములను విడిచిరి. ఱేకునకు తగిలించిన కొలమానపు సూచి కదలలేదు. మరల విడిచిరి. ఉలుకు లేదు, పలుకు లేదు. దయాళువేగాని తొందరపాటు మనిషియైన గురువు నరహరిగారు నిట్టూర్చిరి.

“అమ్మా కాదంబినీ, రేకు మరీ పలచనైపోయిందమ్మా. కిరణాలు దాన్ని పట్టించుకోకుండా దూసుకుపోతున్నాయి. పాత మందం బిళ్ళ పెట్టేద్దాం, కనీసం పరువు దక్కుతుంది.”

ఆ మాటకు కాదంబిని యొప్పుకొనలేదు. కొంచెము వ్యవధి వేడికొని పేటిక గవాక్షముగుండ దీపపు వెలుగును ఱేకుపై ప్రసరింపజేసెను. సూచి చివాలున లేచెను! ఱేకు బ్రదికియే యున్నది. దీపమును గుర్తించునది కిరణములయెడ మూగవోనేల? వెలుగును పోనిచ్చి కిరణములను మాత్ర మాపునది నడుమ నేదియో యుండవలెను.

అంతట నామెకు తన నిర్వాకము తలపునకు వచ్చెను. పూజవేళ కుంకుమరేణువు రాలునను భయమున ఱేకుపై పలుచని ప్లాస్టిక్ కాగితము కప్పి, అద్దమువలె తేటగ నున్నదిగదా యేమి కీడని దానితోడనే పేటికలో పెట్టినది తానే. సిగ్గును నవ్వును నొక్కమాఱు ముంచుకొనిరాగా గురువువంక తిరిగెను.

“రేకుది తప్పు కాదండీ. కుంకం పడుతుందని నేనే దానికి దుప్పటి కప్పేశాను.”

గురువుగారు పొట్ట పట్టుకొని నవ్విరి. నవ్వుచునే పేటిక తెఱచి యా కప్పును తామే తొలగించిరి. తాను తొందరపడితినని యొప్పుకొని, యంత్రము మఱియొక యేడు కాదంబినిదేయని యప్పటికప్పుడు చెప్పివేసిరి. ఆమె కన్నులు చెమ్మగిల్లెను. మరల గాలి తోడివేసి కిరణములు విడువగా సూచి యువ్వెత్తున లేచి నిలిచెను. అమితమైన వాత్సల్యముతో కప్పిపెట్టబడిన యా సన్నని ఱేకు తొలిసారి కప్పును కాపును లేక శూన్యమున నొంటరిగ నిలిచి తనకై వచ్చిన సుకుమారులగు నతిథులను తానే పలుకరించుచుండెను.