పోనే పోని చెరువు

పెదపాడు రైతు వెంకట్రాజు గారు ఉన్న డబ్బంతా పెట్టి ఓ చెరువు లీజుకు తీసుకుని శీలావతి, బొచ్చె చేపలు పెంచారు. ఆ ఏడు జబ్బులు రాలేదు, ధర పలికింది, పెట్టిందానికి రెట్టింపు చేతికొచ్చింది. అందులో వాతావరణం పాత్ర గానీ మార్కెట్ పాత్ర గానీ ఏమీ లేదనీ, అంతా తన బుర్రేననీ ఆయన వినయంగా ఒప్పుకున్నారు.

వెంటనే కారు కొన్నారు. అది చూపించడానికి తాడేపల్లిగూడెం వెళ్లి, ఏటా తన ధాన్యం కొనే సుబ్బయ్య గారి కొట్టు ముందు ఆపారు.

"మీ డబ్బెక్కడ పెడతారండీ?" అని అడిగారు, కాఫీ తాగుతూ.

"చాలామటుకు బ్యాంకులోనేనండి. ఏడు శాతం వస్తుంది."

వెంకట్రాజు గారికి జాలేసింది. "ఏడా! దాన్ని రాబడి అనకండి, దక్షిణ అనండి. నాకు నూటికి నూరొచ్చింది."

"సంతోషమండి. మరి చెరువు పోతే?"

"పోదండీ."

"పోనే పోదంటే ఊరంతా చేపల్లోకే దిగేది కదండీ, మీకంత మిగలనిచ్చేవారా? పోతుందన్న భయాన్ని మోసినందుకేనండి ఆ నూరు."

భయపడేవాళ్లు కొట్లో కూర్చోవలసిందే అనుకుంటూ ఆయన కారెక్కారు.

మరుసటి ఏడు ఇల్లు తాకట్టు పెట్టి ఇంకో మూడు చెరువులు తీసుకున్నారు. పొలం మాత్రం భార్య భాగ్యశ్రీ పేరున ఉంది. ఆవిడ సంతకం పెట్టనన్నారు. "నీకు వ్యాపారం తెలీదు" అని ఆయన క్షమించేశారు. నీళ్లలో గాలి ఆడించే మిషన్లకు జనరేటర్ కూడా కొనమని పక్క చెరువు వీరేంద్ర చెబితే, "వాడని వస్తువు మీద డబ్బు పోస్తామా?" అని నవ్వారు.

ఆ వర్షాకాలం వరసగా ముసురు పట్టింది. ఓ తెల్లవారుజామున కరెంటు పోయింది. మిషన్లు ఆగాయి. ఆయన గట్టుమీదికి పరిగెత్తేసరికి చేపలన్నీ గాలందక పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చెప్పులు జారిపోతే ఉత్తికాళ్లతో బురదలో అటూ ఇటూ తిరిగారు. పక్కన వీరేంద్ర జనరేటర్ దడదడలాడుతూనే ఉంది. ఎండెక్కేసరికి నాలుగు చెరువులూ తెల్లటి పొట్టలతో నిండిపోయాయి. ఆయన గట్టుమీద కూలబడ్డారు గానీ ఎవర్నీ తిట్టలేదు. అది ఆయనకు కొత్త.

మధ్యాహ్నం భాగ్యశ్రీ క్యారియర్ తెచ్చి పక్కన కూర్చున్నారు. "ఏవండీ, రెండేళ్లూ కలిపి చూస్తే ఏం మిగిలినట్టు?"

"తాకట్టు మిగిలింది" అన్నారాయన.

"సరే, తినండి. పొలం ఉందిగా."

కారు అమ్మి అప్పు కొంత తీర్చారు. మూడు చెరువులు వదిలేశారు. ఒక్కదాంట్లోనే, పోయినా ఇల్లు కదలనంత డబ్బు పెట్టి, ముందుగా జనరేటర్ కొన్నారు. ఈ ఏడు ఖర్చులన్నీ పోగా నూటికి పద్నాలుగు మిగిలింది.

మొన్న ఏలూరులో ఓ పెళ్లిలో చుట్టాలు చుట్టూ చేరారు. "చేపల మీద ఎంతొస్తోందండీ?"

"పద్నాలుగండి."

"అంతేనా!"

"అలా కాదండీ. ఎంతొచ్చిందని ఒక్కటే అడగకూడదు, దానికోసం ఏం పోగొట్టుకోడానికి సిద్ధపడ్డామో కూడా చూడాలి..." అంటూ ఆయన ముసురు దగ్గర మొదలుపెట్టి, ఓపిగ్గా చెప్పుకుంటూ వచ్చారు. జనరేటర్ దాకా వచ్చేసరికి అడిగినవాళ్లంతా భోజనాల బంతిలో కూర్చుని ఉన్నారు.