ఎండతో పాటు ఎక్కిన బిల్లు

గంగక్కకు కోపమొస్తే నోరు ఊకుండదు. అసొంటి మనిషికి ఆ రోజు ఒక్క మాట రాలే. సంఘం ఆడోళ్ళందరి ముంగట బుల్లెమ్మ వదిన చెయ్యి చాపి, "షెడ్డు తాళంచెవి ఇటియ్యి గంగా" అన్నది. కొంగుముడి ఇప్పి ఇచ్చేసింది. ఇచ్చి ఇంటికి పోయి, పొయ్యి కాడ కూసొని పొయ్యి ముట్టియ్యకుంటనే పొద్దు గూకేదాక ఉన్నది.

సంగతేందంటే, అంత ఆ పాడు కరెంటు బిల్లుతోటి వచ్చింది. భద్రాచలం దాటి అడివిలకు పోయే రోడ్డు మీద రాళ్ళగూడెం అని చిన్న ఊరు. అక్కడి కోయ ఆడోళ్ళు కొంతమంది కలిసి సంఘం పెట్టుకున్నరు. ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతరు. ఒక షెడ్డు, అండ్ల పువ్వు వేయించే మిషనొకటి, గ్రైండరొకటి. ఇంటింటికి తిరిగి, బతిమాలి, తిట్టి, అందర్ని ఒక్కకాడికి తెచ్చింది గంగక్కనే. మొన్న ఎండకాలం మొదట్ల షెడ్డు మీద సోలార్ పలకలు పెట్టిచ్చిన్రు. పెట్టినోళ్ళు చాయ తాగి, "ఇగ మీకు బిల్లు రమ్మన్నా రాదక్కా" అని నవ్వుకుంట పోయిన్రు.

రాకపోవుడేంది! మొదటి నెలకే డబులైంది.

గంగక్క ఏమనుకున్నదంటే, పలకల మీద దుమ్ము పడి సరిగ పని చేస్తలేవనుకున్నది. ఇగ చూడు, రోజు పొద్దుగాల నిచ్చెనేసుకొని పైకెక్కుడు, బర్రెను కడిగినట్టు వాటిని రుద్ది రుద్ది కడుగుడు. అద్దాల తీరు మెరిసినయ్. రెండో నెల బిల్లు ఇంకా పెరిగింది.

అప్పుడు మొదలైనయ్ గుసగుసలు. షెడ్డు పక్కనే గంగక్క ఇల్లు. తాళంచెవి ఆమె కొంగునే. పొద్దున్నే మీదెక్కి ఏం చేస్తున్నట్టు? తన ఇంటికి తీగ గిట్ట గుంజుకుంటుందా? అందరు లోపల్లోపల అనుకున్నది బుల్లెమ్మ బయటికన్నది. "సంఘం కరెంటు దొంగతనం చేస్తున్నది మా గంగనే" అన్నది. పరాయోళ్ళంటే గంగక్క కొట్టేదే. బుల్లెమ్మ సొంత వదిన, పెనిమిటి అక్క. చిన్నప్పటి సంది ఒక్క పువ్వుకుప్ప కాడ కూసున్నోళ్ళు. ఆమె నోటెంట దొంగ అన్న మాట వచ్చినంక, ఈ ఊర్ల ఎవరి ముఖం చూసి బతకాలె? సంఘం పోతే పోయింది, ఆ పేరు పోవాలె. గంగక్కకు కావలసింది గదొక్కటే.

అంతల విత్తనాల పండుగ వచ్చింది. ఆ పండుగైనన్ని రోజులు రాళ్ళగూడెంల ఎవ్వరు పని ముట్టరు. మొగోళ్ళు అడివికి వేటకు పోతరు, ఆడోళ్ళు రోడ్డుకు అడ్డం తాడు పట్టి, వచ్చిపోయే బండ్లను ఆపి, పాటలు పాడి పండుగ పైసలడుగుతరు. పండుగకు ముందు బుల్లెమ్మ తన చేతులతోనే షెడ్డుల మిషన్ల, లైట్ల స్విచ్చులన్ని బంద్ జేసి, బయట గోడకున్న మీటరు అంకె అందరికి చూపిచ్చి, తాళమేసి చెవి బొడ్ల దోపుకున్నది. "ఇప్పుడు తేలుతది" అన్నది, గంగక్క దిక్కు చూడకుంట.

తేలింది మరి. పండుగైనంక అందరు షెడ్డు కాడ చేరి మీటరు చూసిన్రు. ఒక్క మిషను తిరగని ఆ రోజులల్ల అంకె ఎప్పటి లెక్కనే ఎగిరి కూసున్నది.

సంఘం మనిషే, సారక్క మెల్లగ అన్నది. "తాళంచెవి నీ కాడనే ఉండె గద బుల్లెమ్మా?"

అందరి చూపులు ఆమె మీదికి తిరిగినయ్. అబద్ధమెందుకు, గంగక్క కడుపు చల్లబడ్డది. అనుభవించు, ఎట్లుంటదో నీకు గూడ తెల్వాలె అనుకున్నది. కాని వదిన ఒక్కొక్కరి ముంగటికి పోయి చెప్తున్నది. "నేను కాదే, నా బిడ్డల మీద ఒట్టు" అంటున్నది గాని ఎవ్వరు నమ్ముతలేరు. ఆ ఒట్టు గంగక్కకు తెలుసు. పొయ్యి కాడ కూసున్ననాడు తను గూడ గట్లనే ఒట్లు పెట్టుకున్నది.

"నోరు ముయ్యి సారక్కా!" అన్నది గంగక్క. "పండుగంత రోడ్డు మీదనే ఉంటిమి గద? తాడు ఆ కొసకు వదిన, ఈ కొసకు నేను. ఆమె ఎప్పుడొచ్చి తీగ గుంజింది?"

"మరి వాడిందెవరే?"

"ఎవ్వరు వాడలే. మీటరే అబద్ధమాడుతున్నది."

అనుడైతే అన్నది గాని ఎట్ల చూపియ్యాలె? మీటరు మీద చిన్న ఎర్రలైటు ఉంటది. మిషన్లు తిరిగితే టకటక కొట్టుకుంటది, బంద్ జేస్తే ఆగాలె. ఇప్పుడు అన్ని బందే ఉన్నయ్, లైటు మాత్రం పిచ్చెక్కినట్టు కొట్టుకుంటున్నది. గంగక్క దానిదిక్కే చూస్తున్నది. అంతల గోదారి దిక్కుకెళ్ళి ఒక మబ్బొచ్చి ఎండ మీద పడ్డది. లైటు నిమ్మళమైంది. మబ్బు పోయింది. మల్ల టకటక.

"ఓయమ్మో!" అన్నది గంగక్క. "పువ్వు ఆరబోసే పరదాలు తేండ్రి! జల్దీ తేండ్రే!"

ఎందుకో ఎవ్వరికి సమజ్ గాలే గాని ఆమె గొంతు విని ఉరికిన్రు. గంగక్క ముందు, ఎనుక బుల్లెమ్మ, నిచ్చెనెక్కి పలకల మీద పరదాలు కప్పిన్రు. కింద మీటరు కాడ సారక్కను నిలబెట్టిన్రు.

"ఆగింది!" అని సారక్క కేకేసింది. "ఆగిందే గంగా!"

"ఇప్పుడు తీస్తున్నం, చూడు!"

"మల్ల కొట్టుకుంటుంది!"

కప్పుడు, తీసుడు. ఆగింది, కొట్టుకుంటుంది. పండుగ ఇంకా అయిపోనట్టే ఉండె వాళ్ళ అరుపులు. అదే ఊపుల గంగక్క కరెంటాఫీసుకు ఫోన్ గొట్టింది.

తెల్లారి శ్రావణి అనే చిన్న ఇంజనీరమ్మ స్కూటీ మీద వచ్చింది. ఖమ్మం పిల్ల, ఈ మధ్యనే ఈడికి డ్యూటీ పడ్డది. ఆమె ముంగట గూడ పరదాల ఆట ఆడి చూపిచ్చిన్రు. మీటరును కిందికి మీదికి చూసి, "మీరు షెడ్డుల పని ఎప్పుడు చేస్తరు అక్కా?" అని అడిగింది.

"పొద్దుగాల తునికాకుకు పోతం బిడ్డా. ఎండ వాలినంకనే ఈడికి వచ్చుడు."

"అదీ సంగతి. ఎండ మండేటప్పుడు పలకలు చేసిన కరెంటు వాడెటోళ్ళు లేక తీగ మీద బయటికి పోతున్నది. ఈ పాత మీటరుకు వచ్చేది ఏదో పోయేది ఏదో తెల్వది. పోయింది గూడ మీరే వాడిండ్రని ఏసుకుంటది. సోలార్ పెట్టినప్పుడే వచ్చేది వేరే, పోయేది వేరే చూసే మీటరు పెట్టాలె. పెట్టలే. తప్పు మీది కాదు. మీటరు నేను మార్పిస్త, బిల్లులు సరిచేపిస్త."

"అయితే నేను రోజు ఎక్కి తోమిందంత..." అన్నది గంగక్క.

"మీరు తోమినకొద్ది బిల్లు పెరిగిందక్కా" అని శ్రావణి నవ్వాపుకోలేకపోయింది. అందరు పక్కున నవ్విన్రు. గంగక్క గూడ నెత్తి కొట్టుకొని నవ్వింది.

నవ్వి, అడిగింది. "మరి బయటికి పోయిన కరెంటు ఏమైంది బిడ్డా? గాలిల కలిసిందా?"

"గాలిలెట్ల కలుస్తదక్కా? పక్కనున్న ఇండ్లల్ల వాడుకున్నరు. మీ ఇంటికి, ఈ తీగ మీదున్న వేరే ఇండ్లకు పోయింది. ఆ తర్వాతిల్లు ఎవరిది?"

నవ్వులు ఆగినయ్. అందరు తిరిగి చూసిన్రు. గంగక్క ఇంటి తర్వాత ఆ తీగ మీద ఉన్నది బుల్లెమ్మ ఇల్లే.

బుల్లెమ్మ అందర్ని తోసుకుంట వచ్చి గంగక్క రెండు చేతులు పట్టుకున్నది. "మధ్యాన్నం పూట నువ్వంపిన కరెంటుతోనే ఫ్యానేసుకొని పండుకున్న" అన్నది. "పండుకొని లేచి నిన్ను దొంగన్న గంగా. అందరి ముంగటన్న. అందరి ముంగటనే చెప్తున్న, దొంగవు కావే నువ్వు. నా నోరు పడిపోను."

దొంగ అన్ననాడు ఏడ్వని గంగక్క ఇప్పుడు ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతోని ముక్కు తుడుసుకొని వదిన ముఖంలకు చూసింది.

"గాలి మంచిగొచ్చిందా మరి?"

"మంచిగొచ్చిందే" అన్నది బుల్లెమ్మ, ఏడ్చుకుంటనే.