సుకన్య విమానం ఫంక్షన్

సుకన్య చేసిన తప్పల్లా ఒక్కటే. వాలంటీరు అనే మాట వాడింది.

వీధి వాట్సాప్ గ్రూపులో, గులాబీ పూల శుభోదయాల మధ్య, "వాలంటీరుగా ఆరు వారాలు కెన్యా వెళుతున్నాను. ప్రయాణ ఖర్చులకు మీ వంతు సహకారం కోరుతున్నాను" అని పెట్టింది. బి.కాం. చదివిన చదువంతా ఆ రెండు వాక్యాల్లో పోసింది. నరసరావుపేటలో వాలంటీరంటే ఒకటో తారీకు తెల్లారకముందే తలుపు కొట్టి పెన్షను చేతిలో పెట్టి వేలిముద్ర తీసుకుపోయే మనిషని, ఆ మనిషి రావడం మానేశాక ఊరంతా ఇంకా ఎదురు చూస్తోందని ఆమెకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

కాఫీ పొంగుతుండగానే గేటు చప్పుడైంది. వెనక వీధి వీరరాఘవమ్మ. ఎనభై దాటిన మనిషి, చేతిలో ఆధార్ జిరాక్సు.

"ఏమే సుకన్యా, వాలంటీరువయ్యావంటగా? మాటమాత్రం చెప్పకపోతివే!"

"అది ఆ వాలంటీరు కాదు మామ్మా..."

"ఏ వాలంటీరైతే ఏందిలే. నా వేలిముద్ర పడట్లా. మిషను నన్ను గుర్తుపట్టట్లా. నువ్వు చూడు."

సాయంత్రానికి గేటు ముందు చెప్పులు పెరిగాయి. ఒకాయనకు రేషన్ కార్డు విడగొట్టాలి. ఒకావిడకు ఇళ్ళ స్థలం కావాలి. ఓపిగ్గా అందరి మాటా విన్న మరో పెద్దాయన, "కెన్యా అంటే ఏ మండలం కిందికొచ్చుద్దమ్మా? మాచవరం అవతలా?" అని అడిగాడు.

"మాచవరం దాటి చానా దూరం బాబాయ్" అంది సుకన్య. అబద్ధం కాదు కదా.

అసలు సంగతి ఇది. గుంటూరులో ఒక చిన్న సేవాసంఘం ఉంది. కెన్యాలో ఒక ఆడపిల్లల బడికి ఎవరో కుట్టుమిషన్లు ఇచ్చారు గాని, నేర్పేవాళ్ళు లేరు. ఆ సంఘం నుంచి నలుగురు ఆడవాళ్ళు వెళుతున్నారు. సగం వీధి జాకెట్లు కుట్టిపెట్టిన సుకన్య వాళ్ళలో ఒకతె. తిండి, బస అక్కడివాళ్ళవి. టికెట్టు మాత్రం ఎవరిది వాళ్ళే ఊళ్ళో అడిగి తెచ్చుకోవాలి, ఇంట్లోవాళ్ళు ఇస్తే చెల్లదు. "చెయ్యి చాచడం రానివాళ్ళకి చెయ్యి అందించడం రాదు" అంటుంది సంఘం నడిపే మేడమ్. ఆవిడ రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్. సామెతలు బయట కొనదు, ఇంట్లోనే తయారు చేసుకుంటుంది.

పాస్‌పోర్టు వచ్చింది. ఎల్లో ఫీవర్ ఇంజక్షన్ అయింది. పప్పు తిరగమోత పెడుతూ కూడా సుకన్య ఆ పిల్లలకు కొలతలు తీయడం ఎలా చెప్పాలో ఇంగ్లీషులో వల్లిస్తోంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె ఒంటరిగా చేసిన అతి పెద్ద ప్రయాణం మాచర్ల బస్సు. రోజుకు పదిసార్లు పాస్‌పోర్టు తెరిచి ఆ కొత్త కాగితం వాసన చూస్తోంది. ఆదివారంలోగా డబ్బు కట్టకపోతే ఆమె చోటు ఇంకొకరికి పోతుంది.

గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టింది. "ఇది ప్రభుత్వం పని కాదు. సేవ. జీతం లేదు."

దాంతో వచ్చేవాళ్ళు ఆగిపోయారు. అనుమానం మొదలైంది. జీతం లేకుండా ఎవరైనా సముద్రం దాటతారా, ఇందులో ఏందో ఉంది అనుకున్నారు. ఒకావిడ మాత్రం ఆ ఏందోలో తన అల్లుణ్ణి కూడా చేర్చమని రహస్యంగా ఫోన్ చేసింది. రూపాయి మటుకు ఎవరూ పంపలేదు.

"నేనిస్తాలే. ఎవరో ఇచ్చారని మేడమ్‌కి చెప్పు" అన్నాడు భర్త రాజీవ్. పురుగుమందుల కొట్టు నడిపే మనిషి. ఏ తెగులుకైనా ఏదో ఒకటి కొడితే పోతుందని ఆయన నమ్మకం.

"అబద్ధంతో విమానం ఎక్కితే మధ్యలో దించేస్తారండీ" అంది సుకన్య. కానీ ఆ పూట అన్నం సయించలేదు.

గురువారం మధ్యాహ్నం వీరరాఘవమ్మ మళ్ళీ వచ్చి వసారాలో కూలబడింది. సంగతంతా విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"టికెట్టు మనమే పెట్టుకుని, జీతం లేకుండా చాకిరీనా? అది ఇంట్లో చేస్తానే ఉన్నావుగా!"

"ఇంట్లో విమానం ఉండదుగా మామ్మా."

ముసలామె పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఎర్రిదానా, మైకులో పేరు రాకుండా ఈ ఊళ్ళో ఎవడన్నా జేబులో చెయ్యి పెడతాడా? ఎంతమందికి చదివించావే నువ్వు?"

సుకన్య చేతిలో చాట ఆగిపోయింది.

చదివింపులంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఫంక్షన్‌కి వెళ్ళి కవరిస్తే, పేరూ మొత్తమూ మైకులో చదువుతారు. మనింట్లో ఫంక్షన్ అయినప్పుడు వాళ్ళొచ్చి, దానిమీద కాస్త వేసి తిరిగి చదివిస్తారు. ఇది అప్పు కాదు, అప్పయితే ఎగ్గొట్టవచ్చు. ఓణీలు, పంచెలు, పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, సుకన్య వెళ్ళని పందిరి లేదు. ఆమెకు పిల్లల్లేరు. ఆమె ఇంటి ముందు ఎన్నడూ పందిరి పడలేదు. కవరిచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "పాపం, తిరిగొచ్చేది కాదు" అన్నట్టు చూసేవారు. ఆ చూపుకి అలవాటు పడింది గాని, ఆ డబ్బు బావిలో వేస్తున్నాననే అనుకుంది ఇన్నాళ్ళూ.

"అయితే ఇప్పుడు ఏం ఫంక్షన్ పెట్టను మామ్మా?"

"ఊరెళ్ళే ఫంక్షన్ పెట్టు. బిడ్డ పుడితేనేనా పందిరి?"

బావి కాదు, అది చీటీ! ఇన్నేళ్ళూ కట్టింది, ఒక్కసారీ పాడలేదు. సుకన్య చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా అబ్దుల్ గఫార్ షామియానా కొట్టుకి పరిగెత్తింది. ఊళ్ళో మైకంటే గఫార్‌దే, గొంతంటే గఫార్‌దే.

"ఏం ఫంక్షన్ అక్కా? దాన్నిబట్టే మాట మారుద్ది. ఓణీలకి ఒక మాట, పెళ్ళికి ఒక మాట."

"విమానం ఫంక్షన్."

గఫార్ క్షణం ఆలోచించాడు. "మనూళ్ళో ఫస్టు టైమ్. మైకు అద్దె వద్దక్కా. మా అమ్మాయి సమ్రీన్ పెళ్ళికి నువ్వు చదివించావుగా."

శనివారం సాయంత్రం వీధికి అడ్డంగా పందిరి లేచింది. ఫ్లెక్సీలో పట్టుచీరతో సుకన్య, నెత్తిన విమానం. ఒకపక్క సింహం, ఇంకోపక్క జిరాఫీ, దాని కాళ్ళ దగ్గర పాపం రాజీవ్. పైన "శ్రీమతి సుకన్య గారి విమాన మహోత్సవం". పులిహోర, గారెలు, టీ. వాలంటీరు అన్న మాట ఎక్కడా లేదు. జనం కూడా ఆమె ఊహించినదానికన్నా ఎక్కువే వచ్చారు. ఇది ఏం ఫంక్షనో చూద్దామని కొందరు, రాకపోతే బాగుండదని మిగతావాళ్ళు.

పిడుగురాళ్ళలో సున్నం బట్టీ ఉన్న గోపాలకృష్ణయ్య అందరికన్నా ముందు కవరందించాడు. గఫార్ మైకు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్న వీరరాఘవమ్మ ఆ కవరు వంక చూసింది, ఆయన వంక చూసింది.

"ఏందయ్యా కిట్టయ్యా, నీ ముగ్గురు కూతుళ్ళ ఓణీలకీ వచ్చింది, పెళ్ళిళ్ళకీ వచ్చింది. ఇంత పల్చటి కవరేంది?"

మైకు ఆన్‌లోనే ఉంది. వీధి చివరి హారన్ దాకా వినబడింది.

గఫార్ స్విచ్చి మీద చెయ్యి వేసి, ఆపనా అన్నట్టు సుకన్య వైపు చూశాడు. సుకన్య ఆ వైపు చూడనే లేదు. గారెలు వడ్డించడంలో అంతగా మునిగిపోయింది.

గోపాలకృష్ణయ్య జేబు తడుముకుని, "ఇది మొదటి కవరే అత్తా, రెండోది తీస్తున్నా" అన్నాడు. ఆయన వెనక వరుసలో ఒక్కసారిగా కదలిక. కవర్లు తెరుచుకున్నాయి, లావయ్యాయి, మళ్ళీ మూసుకున్నాయి. ఇద్దరు ఏటీఎం వైపు నడిచారు. గఫార్ గొంతు వేడెక్కింది. పేరు చదివిన ప్రతిసారీ "అక్కకి విమాన ప్రయాణ శుభాకాంక్షలతో..." అని సాగదీస్తుంటే, సుకన్యకి ప్రతి పేరూ ఒక్కో మెట్టులా, తను విమానం మెట్లెక్కుతున్నట్టే ఉంది. కాసేపటికి జిరాఫీ కింద కూర్చుని లెక్క చూస్తున్న రాజీవ్ తలెత్తి, రెండు బొటనవేళ్ళూ పైకి చూపించాడు.

సుకన్య గరిటె పట్టుకునే మేడమ్‌కి ఫోన్ చేసింది. "టికెట్టు డబ్బు వచ్చేసింది మేడమ్!"

"శభాష్! ఎలా అడిగావమ్మా?"

"అడగలేదండీ. చదివించుకున్నాను."

పందిరి పలచబడ్డాక వీరరాఘవమ్మ లేచి, చీర చెంగులోంచి తన కవరు తీసి గఫార్ చేతికిచ్చింది. "గట్టిగా చదువు. నా పేరు మైకులో వచ్చి ఎన్నాళ్ళయిందో."

గఫార్ కవరు విప్పాడు. గొంతు సవరించుకున్నాడు. "గౌరవనీయులు వీరరాఘవమ్మ గారి చదివింపులు... వంద రూపాయలు... ఆధార్ కార్డు జిరాక్సు ఒకటి!"

పందిరంతా ఘొల్లున నవ్వింది. సుకన్య వచ్చి ముసలామె చెయ్యి పట్టుకుంది. "మామ్మా, నేను పోయేది మన పెన్షను ఆఫీసుకి కాదు, కెన్యాకి!"

"తెలుసులేవే. ఎటూ పోతున్నావుగా, వాళ్ళ మిషన్లో ఓసారి పెట్టి చూడు. ఇక్కడి మిషను గుర్తుపట్టకపోతే, అక్కడిదన్నా పట్టుద్దేమో."