పాకింగు చెక్క మహిమ

నేను ఒక సినిమా శిలువను. మద్రాసులో ఓ స్టూడియో వెనక షెడ్డులో, మందుసీసాలొచ్చిన పాకింగు చెక్కతో నన్ను చేశారు. నల్లరంగు పూసి, పాతగా కనిపించాలని అంచులు గరుకు కాగితంతో గీకారు. ఆ సంగతి సెట్టు మీద అందరికీ తెలుసు. అయినా మర్నాటి నుంచే నాకు దణ్ణాలు మొదలయ్యాయి. దయ్యం సినిమా కదా, ఎందుకైనా మంచిదని. నిర్మాత భుజంగరావు రోజూ దిష్టి గుమ్మడికాయ కొట్టించి, మెడలోని ఆంజనేయస్వామి తాయెత్తు తడుముకుని, ఆ చేత్తోనే నన్నూ ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. వీళ్ల భక్తికి దేవుడెవరైనా ఒకటే, భయం ఉంటే చాలు.

దణ్ణం పెట్టనివాడు ఒక్కడే. నన్ను పట్టుకుని నటించాల్సిన కృపానందం. తెనాలి నాటకాల మనిషి. భార్య పోయినప్పటి నుంచి చర్చి గడప తొక్కలేదట. వేషం మాత్రం ఫాదరీది. కథలో ఆ ఫాదరీకి దేవుడి మీద నమ్మకం పోతుంది. అయినా దయ్యం పట్టిన పిల్లను బయటికి పంపేసి, తగలబడుతున్న చర్చిలో ఆ దయ్యంతో పాటు తానూ ఉండిపోయి, లోపల గడియ వేసుకుంటాడు.

"గడియ వేసేటప్పుడు ఆయనకి నమ్మకం తిరిగొచ్చినట్టాండీ, రానట్టా?" అని కృపానందం డైరెక్టరును అడిగాడు.

"అవన్నీ మనకెందుకండీ. మీరు శిలువ పైకెత్తండి, వెనక నుంచి లైటు వేస్తాం. జనం ఏడుస్తారు."

ఆ సన్నివేశమే తీస్తున్నారు. చుట్టూ కాగడాలు. దయ్యం పట్టిన పిల్లగా వేస్తున్న బేబీ నళిని తలుపు వైపు పరుగెత్తబోయి ఒక కాగడాను కాలితో తన్నేసింది. నైలాను గౌను భగ్గున అంటుకుంది. భుజంగరావు అందరికంటే ముందు బయటపడ్డాడు. డైరెక్టరు అతని వెనకే. పిల్ల తల్లి నాగరత్నం గుమ్మం దగ్గర కూలబడి, "తండ్రీ, నువ్వే దిక్కు" అంటూ నాకేసి చేతులు జోడించింది. నేను చెక్కను. నిప్పంటే నాకే భయం.

కృపానందం నన్ను అవతలికి విసిరేశాడు. రెండు చేతులూ కావాలి కదా. పిల్లను పడేసి, మీద పడి, ఉత్త చేతులతో మంట ఆర్పాడు. కరిగిన నైలాను అతని వేళ్లకు అంటుకుపోయింది. పిల్ల మోకాలి మీద మచ్చతో బయటపడింది.

ఆస్పత్రి సంగతులు లైట్‌బాయ్‌లు చెప్పుకుంటుంటే విన్నాను. ఓ పాస్టరు గారు వెళ్లి, "ఆ సమయంలో ప్రభువును పిలిచారా?" అని అడిగాడట.

"లేదండీ. తీరిక లేదు" అన్నాడట కృపానందం.

అలాంటి జవాబు ప్రసంగానికీ పనికిరాదు, పోస్టరుకీ పనికిరాదు. అందుకని మహిమ నాకు కట్టబెట్టారు. 'మంటను ఆర్పిన శిలువ' అని గోడల నిండా అంటించారు. మూల పడి అంచు కాలిన నన్ను అద్దాలపెట్టెలో పెట్టి, భుజంగరావు ఆఫీసు హాల్లో నిలిపారు. సినిమా బాగా ఆడింది. కొవ్వొత్తులూ వచ్చాయి, కొబ్బరికాయలూ వచ్చాయి. కృపానందం వేళ్లు ముడుచుకుపోయాయి, వేషాలు పోయాయి. "నమ్మకం లేనివాడు, అందుకే చేతులు కాలాయి" అని నా ముందే నిలబడి చెప్పుకునేవాళ్లు, చెంపలు వేసుకుంటూ.

కొన్నేళ్లకు అతను డబ్బింగులో గొంతు పనేమైనా ఉందేమోనని ఆ ఆఫీసుకు వచ్చాడు.

"చెప్పులు విప్పండి. లోపల శిలువుంది" అన్నాడు వాచ్‌మన్.

అతను వంగాడు. ముడుచుకుపోయిన ఆ వేళ్లతో లాగితే చెప్పు పట్టీ సగమే ఊడింది. అప్పుడే నాగరత్నం ఎదిగిన కూతురితో మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. అతన్ని చూసి కూడా కొబ్బరికాయ సంచీ సర్దుకుంటూ లోపలికి నడిచింది.

"అమ్మా, ఆ మంటల్లో నన్ను పట్టుకుంది ఈయన కదా?" అంది నళిని.

"ముందు దణ్ణం పెట్టుకో. నిన్ను కాపాడింది అదే."

నళిని నన్నొకసారి చూసింది. తర్వాత కృపానందం కాళ్ల దగ్గర కూర్చుని, సగం ఊడిన పట్టీని మళ్లీ బిగించింది.

"చెప్పులతోనే రండి బాబాయిగారూ."

ముడుచుకున్న ఆ చేతిని పట్టుకుని నా ముందు నుంచే లోపలికి తీసుకెళ్లింది. నా వైపు తల తిప్పలేదు. ఆ హాల్లో బుద్ధి ఉన్న మనిషిని నేను చూడడం అదే మొదలు.